అడగకుండా తీసిన నవ్వు

మే 5, సోమవారం

ముందుగా క్షమించాలి. నా చేతిరాత బాగుండదు. చిరిగిన బస్తాలోంచి వడ్లు కారినట్టు పడతాయి అక్షరాలు. తప్పులు కూడా ఉంటాయి. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. తరువాత నేరేడుచర్లలో రైస్ మిల్లులో హమాలీగా బస్తాలు మోశాను. బస్తాకు ఒత్తులు, దీర్ఘాలు అక్కర్లేదు.

ఎవరిని క్షమించమంటున్నానో నాకే తెలియదు. దీన్ని ఎవరూ చదవరు. మనవరాలు సగం రాసి వదిలేసిన నోట్‌బుక్ ఇది. మొదటి పేజీలో ఏనుగు బొమ్మ ఉంది. బియ్యం డబ్బా వెనక పెడితే ఎవరికీ కనబడదు.

రాయడం ఎందుకంటే ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. మనిషి ఉంది. మాట్లాడడం లేదు.

నిన్న మా బిడ్డ మంజుల మిర్యాలగూడ నుంచి వచ్చింది. వస్తూనే ఫోను తెరిచి వాళ్ళమ్మకు చూపించింది. మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాలు ముందు పెద్ద ఫ్లెక్సీ. దాని మీద నేను. బస్సు కిటికీ బయట నిలబడి ఉన్నాను. కిటికీ లోపల ఒక పెద్దామె కూర్చుని ఉంది. ఆమె తల మీద నా తువ్వాల. తువ్వాల మీద నా చెయ్యి. కింద ఇంత లావు అక్షరాలు: "నిండు నూరేళ్ళ తోడు. మీ ఇంటి పెళ్ళి మా హాల్లోనే."

ఆ పెద్దామె మా ఆమె బుచ్చమ్మ కాదు.

బుచ్చమ్మ చాలాసేపు చూసింది. ఫోను మంజుల చేతికి తిరిగి ఇచ్చింది. "మంచిగున్నరు ఇద్దరు" అంది.

అదే ఆఖరి మాట.

మే 6

ఇవాళ కూడా నాతో మాట్లాడలేదు. మేకతో మాట్లాడింది.

మే 7, బుధవారం

జరిగింది జరిగినట్టు రాసుకుంటాను.

పోయిన నెల కళ్ళ పరీక్షకు సూర్యాపేట వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు మిర్యాలగూడ బస్సు వచ్చి ఆగింది. ఆడవాళ్ళకు టికెట్ తీసేసినప్పటి నుంచి మగవాళ్ళకు సీటు దొరకడం కష్టమైంది. తలుపు దగ్గర తోసుకునే బలం నాకు లేదు. అందరిలాగే నేనూ కిటికీలోంచి తువ్వాల వేశాను. తువ్వాల పడిన సీటు వేసినవాడిదే. ఈ మాట మా దగ్గర ఎవరూ కాదనరు. కండక్టరు కూడా కాదనడు.

కళ్ళల్లో మందు చుక్కలు వేశారు, అంతా మసకగా ఉంది. సీటు ఖాళీ అనుకున్నాను. ఖాళీ కాదు. తువ్వాల పోయి ఆమె తల మీద పడింది. చెయ్యి లోపలికి పెట్టి తీసుకున్నాను. అంతే. వెనక తలుపు నుంచి ఎక్కి మా ఊరి దాకా నిలబడే వచ్చాను. ఎవరు ఎక్కడి నుంచి ఫోటో తీశారో చూడలేదు.

ఫోటోలో నేను నవ్వుతున్నానని మంజుల అంది. అది నవ్వు కాదు. ఎండకు పళ్ళు బయటపడ్డాయి.

మే 8

బుచ్చమ్మ మేకకు కుడితి పెడుతూ నాకు వినబడేటట్టు అంది: "సూసినవానె, తువ్వాల పడ్డ సీటు ఏసినోనిదేనట. మరి మనిషి తల మీద పడితే మనిషి ఎవలదో అడుగు."

మేక అడగలేదు. నేను చెప్పలేదు.

మే 10, శనివారం

మిర్యాలగూడ వెళ్ళి మంజులను వెంటబెట్టుకుని ఫ్లెక్సీ చూశాను. ఫోనులో చిన్నగా ఉంది. ఇక్కడ నా ముక్కే మా మేకంత ఉంది. ముక్కులో వెంట్రుకలు దారిన పోయేవాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు.

సిగ్గేసి తువ్వాలతో మొఖం కప్పుకున్నాను. అదే తప్పయింది. ఫ్లెక్సీలో ఉన్నది కూడా ఆ ఎర్ర గళ్ళ తువ్వాలే. ఎదురుగా చాయ్ బండి ఆయన గుర్తుపట్టాడు.

"ఓ తాతా! నువ్వే గదా! అవ్వను తోల్కరాలేదా?"

"ఆమె మా ఆమె కాదు" అన్నాను.

"అయ్యో, అంత గట్టిగ లొల్లి అయ్యిందా?" అన్నాడు.

వద్దన్నా చాయ్ ఇచ్చాడు. అవ్వ అలక తీరాలని ఇంకొక చాయ్ పార్సెల్ కట్టి చేతిలో పెట్టాడు.

ఇంతలో హాలు మేనేజరు బయటికి వచ్చాడు. ఫ్లెక్సీ తీసేయండి అని చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాను. కొత్తవాళ్ళ ముందు నాకు మాట రాదు. మంజులే అడిగింది.

"మా నాయినను అడగకుండ ఎట్ల పెట్టిన్రు?"

"మాకేం తెల్వదమ్మా. సూర్యాపేట్ల ఫోటోగ్రాఫర్ లింగస్వామి దగ్గర కొన్నం. అయినా పెద్దాయన మొఖం మా హాలుకు మస్తు కలిసొచ్చింది" అన్నాడు మేనేజరు. అంటూనే నా భుజం మీద చెయ్యి వేసి ఫోనులో ఇంకొక ఫోటో దిగాడు. అది కూడా అడగలేదు.

చాయ్ పార్సెల్ ఇంటికి తెచ్చి బుచ్చమ్మ ముందు పెట్టాను. ఎవరిచ్చారో చెప్పలేదు. విప్పింది, వాసన చూసింది, మేకకు పోసింది. మేక తాగింది.

మే 11

"ఎవలో అవ్వకు కట్టిచ్చిన చాయ్ మనకు తెచ్చిండే" అని మేకతో అంటోంది.

మంజుల ఫోను చేసి చెప్పి ఉంటుంది.

పక్కింటి మత్తయ్య గోడ మీద నుంచి "పెంటన్నా, జర నాకు గూడ ఒక సీటు పట్టరాదే" అన్నాడు. ఊరందరికీ తెలిసింది.

అది నవ్వు కాదు.

మే 13, మంగళవారం

కోదాడ వెళ్ళాను. మా హమాలీల కేసు అప్పట్లో చూసిన వకీలు సాంసన్ గారు అక్కడే ఉంటారు. కోర్టుకు ఎండాకాలం సెలవులు. లుంగీ మీద వరండాలో కూర్చుని మామిడికాయ కోస్తున్నారు. నన్ను కూర్చోబెట్టి ఒక ముక్క చేతిలో పెట్టారు. ఉప్పు కారం కూడా పెట్టారు. మంజుల ప్రింటు తీయించి ఇచ్చిన ఫ్లెక్సీ ఫోటో చూపించాను.

"బాగుందండీ. మా అక్కగారా?" అన్నారు.

"కాదు సార్. అదే కేసు."

ఆయన కత్తి పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పారు. "చూడండి పెద్దాయనా, బస్టాండంటే నలుగురూ తిరిగే చోటు. అక్కడ నిలబడ్డ మనిషిని ఫోటో తీశాడంటే, తీసినంత మాత్రాన నేరం కాదు. అడగకుండా తీయకూడదని విడిగా చట్టమేం లేదు."

"ఎవరినైనా తీయొచ్చా సార్?"

"మొత్తం వినండి. ఆడవాళ్ళ వెంటపడి తీసినా, ఎవరూ చూడరనుకుని వాళ్ళు ఉన్న చోట దొంగచాటుగా తీసినా అది గట్టి కేసవుద్ది. ఇక తీసిన ఫోటో పెట్టి వ్యాపారం చేసుకుంటే అది ఇంకో సంగతి. తీయడం వేరు, వాడుకోవడం వేరు. మీ మొఖం వాడుకోవాలంటే మిమ్మల్ని అడగాల్సిందే. హాలు వాళ్ళకు నోటీసిద్దాం, మీ మొఖం తీసేస్తారు."

"తీసేస్తే మా ఆమె మాట్లాడుతుందా సార్?"

సాంసన్ గారు మళ్ళీ కత్తి అందుకున్నారు. "దానికి చట్టం లేదండీ" అన్నారు. ఇంకొక ముక్క ఇచ్చారు.

మే 14

బుచ్చమ్మ మేకతో: "తీసుడు వేరేనట, వాడుకునుడు వేరేనట. ఆయనకు మామిడికాయ కోసి పెట్టిన్రట. ఉప్పు కారం గూడ పెట్టిన్రట."

ఈ సంగతి మంజులకు చెప్పినట్టు గుర్తు లేదు. చెప్పే ఉంటాను.

మే 17, శనివారం

సూర్యాపేటలో లింగస్వామి స్టూడియో. నన్ను చూసి కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "తాతా! నీ ఫోటోకు ఫస్ట్ ప్రైజ్ వచ్చింది!" అని గోడ మీది కప్పు తెచ్చి నా చేతిలో పెట్టి, ఫోటో తీయబోయాడు. నేను కప్పు అడ్డం పెట్టుకున్నాను.

"అడిగి తీయాలె గదా బిడ్డా" అన్నాను. ఈమాత్రం అనడానికి బస్సులో దారంతా పాఠం లాగా చదువుకున్నాను.

"అడిగితే ఏం చేస్తవ్ తాతా? సక్కగ నిలబడి పాసుపోర్టు ఫోటోకు దిగినట్టు మొఖం పెడతవ్. అడగకపోతేనే మనిషి దొరుకుతడు."

బుచ్చమ్మా నేనూ కలిసి ఉన్న ఫోటో ఒక్కటే ఉంది, పాత రేషన్ కార్డు మీద. అది అడిగి తీసిందే. అందులో ఇద్దరం ఏదో దొంగతనంలో దొరికినట్టు ఉంటాం. మధ్యలో మనిషి పట్టేంత జాగా ఉంటుంది. పెళ్ళికి ఫోటో తీయించలేదు. తరువాత ఎప్పుడు అడిగినా నేనే తప్పించుకున్నాను. సిగ్గు.

"ఆ పెద్దామె ఎవరు?" అని అడిగాను.

"పేరు తెల్వదు. మోకాళ్ళ నొప్పులకు బేస్తారం బేస్తారం ఈడ దవాఖానకు వస్తది. అదే బస్సుకు పోతది." గురువారానికి ఇంకా ఐదు రోజులుంది.

మంజులకు ఫోను చేశాను. "నాయినా, ఆమెను దొరకబట్టి అమ్మ ముందల నిలబెట్టు. ఎవలో ఏందో ఆమె నోటితోనే చెప్పిపిద్దాం" అంది. సాయంత్రం బస్సు కండక్టరు చేతికిచ్చి తన పాత ఫోను పంపింది. ఫోటో ఎట్లా తీయాలో కూడా ఫోనులోనే నేర్పింది.

మే 19

ఏమీ లేదు. మేకకు ఒంట్లో బాగా లేదు. బుచ్చమ్మకు మాట్లాడడానికి ఎవరూ లేరు. నాతో మాట్లాడుతుందేమో అనుకున్నాను. కోడిని పట్టుకొచ్చింది.

మే 22, గురువారం

ఇవాళ చాలా జరిగింది. గబగబా రాస్తున్నాను. అక్షరాలు ఇంకా పాడుగా ఉంటాయి.

పొద్దున్నే సూర్యాపేట బస్టాండులో దిగాను. పెద్ద వయసు ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. గుర్తుపట్టాలంటే దగ్గరికి వెళ్ళి మొఖంలోకి చూడాలి. చూస్తే తిడతారు. అడుగుదామంటే నాకు నోరు రాదు. అందుకని ఫోటోలు తీసుకుని ఒక మూలకు పోయి ఫ్లెక్సీ ఫోటోతో పోల్చుకుందామనుకున్నాను. ఎవరినైనా తీయొచ్చని వకీలు గారు చెప్పారు కదా. ఇంకా ఏదో కూడా చెప్పారు.

స్తంభం చాటున నిలబడి తీశాను. నొక్కినప్పుడల్లా టక్కుమని చప్పుడవుతుందని, లైటు కూడా మెరుస్తుందని మంజుల చెప్పలేదు.

"ఏయ్ ముసలోడా! ఏం తీస్తున్నవ్?" అని ఒకామె లేచింది.

ఆమె వెనకే పదిమంది లేచారు. "సిగ్గు లేదా నీకు? ఇంట్ల ఆడోళ్ళు లేరా?"

"ఒక్కతి ఉంది. మాట్లాడుత లేదు" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. "మాట్లాడకపోతే వచ్చి మా ఫోటోలు తీస్తవా!" అని ఇంకా గట్టిగా అరిచారు. ఒకామె గొడుగు ఎత్తింది.

బస్టాండు డ్యూటీలో ఉన్న పోలీసమ్మాయి వచ్చింది. చొక్కా మీద కృప అని పేరు ఉంది. "తాతా, ఇటు రా" అని బెంచీ మీద కూర్చోబెట్టింది. "ఎందుకు తీసినవ్?"

"బస్టాండ్ల తీయొచ్చని కోదాడ వకీలు చెప్పిండు."

"ఆడోళ్ళను చాటుకు నిలబడి తీయమని చెప్పిండా?"

అప్పుడు గుర్తొచ్చింది, వకీలు గారు ఇంకా చెప్పింది అదే. మామిడికాయ పుల్లగా ఉండి సరిగ్గా వినలేదు. బుచ్చమ్మకు ఈ వార్త కూడా పోతే ఇక మేక కూడా నాతో మాట్లాడదు.

"ఫోను చూపియ్యి" అంది కృప. తెరిచింది. మొదటి ఫోటో నా బొటనవేలు. తరువాతిది కూడా బొటనవేలే. తరువాత స్తంభం. ఆ తరువాత నా ముక్కు, లోపలి నుంచి. మిగతా అన్నీ బొటనవేళ్ళు. చివరిదాకా జరిపి చూసి పెదవి కొరుక్కుంది.

"తాతా, దీని మీద కేసు పెట్టాలంటే నీ బొటనవేలు వచ్చి ఫిర్యాదు ఇయ్యాలె."

ఆడవాళ్ళంతా వంగి చూశారు. గొడుగు ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఓయమ్మో! గీన మిర్యాలగూడ ఫ్లెక్సీల తాత గాదూ!"

ఇక చూడాలి. ఇంతసేపు తిట్టినవాళ్ళే ఫోన్లు తీసి నా పక్కన నిలబడ్డారు. ఎన్ని ఫోటోలు తీశారో. ఒక్కరూ అడగలేదు. గొడుగు ఆమె నా నెత్తి మీద తన కొంగు వేసి మరీ తీయించుకుంది. కృపను చూశాను, ఏమన్నా అంటుందేమోనని. ఆమె కూడా ఫోను తీసింది.

అప్పుడు వెనక నుంచి వినబడింది. "తువ్వాలాయన!"

ఆమే. పేరు రుక్మాబాయి. దామరచర్ల దగ్గర తండా. మనిషి ఫ్లెక్సీలో కంటే పొట్టిగా ఉంది. జరిగినదంతా చెప్పాను. ఫ్లెక్సీ తీయించేస్తానని కూడా చెప్పాను. ఆమె మొఖం మారిపోయింది.

"తీపిస్తవా? మా తండా అంత ట్రాక్టర్ కట్టుకొని పోయి సూసొచ్చినం. నా జిందగీల నన్ను గంత పెద్దగ ఎవలు సూసిన్రు? నీ మొఖం వద్దంటే నీ మొఖం తీపిచ్చుకో. నాది ముడితే ఊకోను."

"మీ ఇంట్ల ఏం అనలేదా?"

"మా ఇంటాయన హీరాలాల్ రోజు అడుగుతడు, వాడెవడే అని. సీటు లేనోడు అని చెప్పిన. ఇంకేం అంటడు, ఆయన మీసం ఫ్లెక్సీల పడలేదని ఆయన ఏడుపు."

మా ఇంటికి రమ్మని అడగలేక నీళ్ళు నములుతుంటే ఆమే అంది: "పా, నీ పెండ్లాం దగ్గరికి పోదం. పాపం ఆమె ఏం అనుకుంటున్నదో." బస్సు రాగానే ముందు ఎక్కి, సంచి పెట్టి నాకు సీటు పట్టింది. ఇన్నాళ్ళకు కూర్చుని వచ్చాను.

ఇంట్లో బుచ్చమ్మ ఆమెను చూసింది. ఆమె బుచ్చమ్మను చూసింది. "కూసో అక్కా, ఎండల వచ్చినవ్" అంది బుచ్చమ్మ. ఇద్దరూ లోపల కూర్చున్నారు. నేను బయట మేక దగ్గర కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడారు, కోడళ్ళ గురించి మాట్లాడారు, నవ్వారు. అన్నం పెట్టుకుని తిన్నారు. నాకు లోటాలో మజ్జిగ బయటికి వచ్చింది. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాను.

అప్పుడు రుక్మాబాయి గొంతు వినబడింది. "తువ్వాల నెత్తి మీద పడంగనే నేనే అన్న చెల్లే, సీటుకేసినవా, నాకేసినవా అని."

ఈ ముక్క నేను ఇంతకుముందు రాయలేదు. మరిచిపోయాను.

లోపల పళ్ళెం కింద పెట్టిన చప్పుడయింది. తరువాత బుచ్చమ్మ: "అప్పుడు ఈయన ఏమన్నడు?"

"ఏమనలేదు. మస్తు నవ్విండు."

మే 23

మేకతో కూడా మాట్లాడడం లేదు.

మే 24, శనివారం

సాంసన్ గారి నోటీసు అక్కర్లేకపోయింది. ఆయన ఫోనులో మాట్లాడేసరికి హాలు వాళ్ళు ఒప్పుకున్నారు. నా మొఖం మీద తెల్ల కాగితం అతికించి హాలు ఫోను నంబరు రాశారు. రుక్మాబాయి అట్లాగే నవ్వుతోంది. ఆమె తల మీద తువ్వాల పట్టుకుని ఒక ఫోను నంబరు నిలబడి ఉంది. మంజుల పంపిన ఫోటో బుచ్చమ్మ ముందు పెట్టాను.

రెండు రోజుల తరువాత మేక వైపు తిరిగింది. "మొఖం తీసేసిన్రు. నవ్వు ఏడికి పోతదే?"

మే 26, సోమవారం

రాద్దామని నోట్‌బుక్ తెరిచాను. 22వ తారీఖు పేజీ మీద పసుపు వేలిముద్ర ఉంది.

వెనక్కి తిప్పి చూశాను. చాయ్ పార్సెల్ దగ్గర పసుపు. మామిడికాయ దగ్గర పసుపు. "ఫంక్షన్" అని నేను తప్పు రాసినచోట ఎవరో కొట్టేసి సరిగ్గా రాశారు. ఒత్తులు కూడా దిద్దారు. ఏనుగుకు తోక లేకపోతే తోక పెట్టారు. ఈ ఇంట్లో ఏడో తరగతి చదివిన మనిషి ఒక్కతే ఉంది. మేక కాదు.

బుచ్చమ్మా, ఇది చదువుతున్నావని తెలిసింది. చదివే ముందు నన్ను అడగలేదు. సాంసన్ గారిని అడిగితే దీనికేమన్నా చట్టం ఉందో లేదో చెబుతారు. నేను అడగను.

అది నవ్వే. పళ్ళు ఎండకు బయటపడలేదు. ఆమె మాటకు నవ్వు వచ్చింది, ఆపుకోలేదు. కొత్తమనిషి కదా, మళ్ళీ కనబడదు కదా అని సిగ్గు వేయలేదు. నీ మాటలకు కూడా నవ్వు వస్తుంది. నువ్వు మేకతో అన్న ప్రతి మాటకూ గోడ వెనక నోట్లో తువ్వాల కుక్కుకుని నవ్వాను. మనిషి ఎవరిదో అడుగు అన్నావు చూడు, ఆ రోజు దగ్గు వచ్చిందని బయటికి పోయాను కదా, అది దగ్గు కాదు. నీ ఎదురుగా నవ్వడానికే నాకు సిగ్గు. పెళ్ళినాటి నుంచీ అంతే. రేషన్ కార్డు ఫోటోవాడు కూడా నవ్వమన్నాడు, నీకు గుర్తుందా? నువ్వు నవ్వుతావేమో అని చూస్తూ నేను ఆపుకున్నాను. నువ్వూ అట్లాగే ఆపుకున్నావేమో.

లింగస్వామికి ఫోను చేశాను. నేనే చేశాను, మంజులతో చేయించలేదు. నేరేడుచర్ల బస్టాండుకు వస్తానన్నాడు. నువ్వు బస్సులో కిటికీ పక్కన కూర్చో. నేను బయటి నుంచి తువ్వాల వేస్తాను. కొత్త అద్దాలు వచ్చాయి కాబట్టి ఈసారి గురి తప్పదు. నువ్వు ఏదో ఒకటి అను. మేకను అన్నట్టే అను. నేను ఆపుకోను.

ఫ్లెక్సీకి ఇవ్వం. ఇంట్లో గోడకే. నువ్వు ఒప్పుకుంటేనే తీయమని చెప్పాను, అడగకుండా నొక్కితే కప్పు పగులుతుందని కూడా చెప్పాను.

నీ ఫోటో తీయించుకోవచ్చా?

కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలాను. తప్పులుంటే దిద్దు, కానీ జవాబు మాత్రం తొందరగా రాయి. లింగస్వామి ఆగడు. మేకతో చెప్పించకు.